నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందా?

ఈ వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని వార్డెన్ గారు కబురు పెట్టారు. మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే, ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పెట్టుకుని చదువుకున్నవాళ్ళం. మాలో ఒకరిది హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం, ఒకరిది బ్యాటరీల దుకాణం, ఒకరిది రోజంతా బండి మీద సరుకులు చేరవేసే పని. అంతరిక్షం గురించో పరమాణువు గురించో రాయవచ్చు గానీ, వేసవి సెలవుల్లో మీలో కొందరు మెకానిక్ షెడ్డుల్లో పనికి వెళ్తారని మాకు తెలుసు. మేమూ వెళ్ళాం. అక్కడ స్పానరు పట్టడంతో పాటు కొన్ని మాటలు కూడా వంటబడతాయి. అవి మొదట ఎవరు అన్నారో తెలియదు, ఎందుకో ఎవరూ అడగరు, అందరూ పాటిస్తారు. వాటిలో కొన్నిటివల్ల ఏ నష్టమూ లేదు. కొన్ని జేబుకు చిల్లు పెడతాయి. ఒకటి రెండు మాత్రం కంటిచూపు మీదికే వస్తాయి. అందుకే తమ్ముళ్ళూ, ఈసారి బండి బ్యాటరీ గురించి, దానిలో ఉండే పదార్థాల గురించి రాస్తున్నాం.

అందరూ నమ్మేదానితో మొదలుపెడదాం. బ్యాటరీని గచ్చు మీద పెడితే ఛార్జి భూమిలోకి దిగిపోతుందంటారు. ఏ షెడ్డులో చూసినా బ్యాటరీల కింద చెక్క పలకో పాత టైరో కనిపిస్తుంది. మన పదో తరగతి పాఠాన్నే ఒకసారి గుర్తు చేసుకోండి. విద్యుత్తు ప్రవహించాలంటే వలయం పూర్తి కావాలి. ఒక టెర్మినల్ నుంచి బయలుదేరిన కరెంటు రెండో టెర్మినల్‌కి చేరే దారి ఉండాలి. నేల మీద ఉన్న బ్యాటరీ టెర్మినళ్ళు రెండూ పైనే ఉన్నాయి. గచ్చుకి తగులుతున్నది అడుగున ఉన్న ప్లాస్టిక్ డబ్బా. అది పాలీప్రొపిలీన్. మన ఇళ్ళలో ప్లాస్టిక్ కుర్చీలు తయారయ్యేది ఎక్కువగా దానితోనే. కరెంటును పోనివ్వదు. దారే లేనప్పుడు ఛార్జి ఎటు పోతుంది?

అలాగని ఈ మాట పుట్టించినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కాదు. సీసపు ప్లేట్లు, ఆమ్లంతో పనిచేసే బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. 1881లో కమీల్ ఫోర్ ప్లేట్లకు సీసపు ఆక్సైడు ముద్ద పట్టించే పద్ధతి కనిపెట్టాక అది వ్యాపారానికి పనికొచ్చే వస్తువైంది. ఆ తొలినాళ్ళలో బ్యాటరీలు గాజు జాడీల్లోనూ, లోపల పూత పూసిన చెక్కపెట్టెల్లోనూ ఉండేవి. తర్వాత చాలాకాలం గట్టి రబ్బరు డబ్బాలు వాడారు. చెక్క చెమ్మను పీలుస్తుంది. పాత రబ్బరు డబ్బాల నుంచి కూడా ఆమ్లపు చెమ్మ కొద్దికొద్దిగా బయటికి వచ్చేదని, తడినేల మీద పెడితే సన్నటి దారి ఏర్పడేదని పాతవాళ్ళు చెబుతారు. కాబట్టి వాళ్ళ కాలానికి ఆ జాగ్రత్తలో కొంత అర్థం ఉంది. డబ్బా మారి యాభై ఏళ్ళు దాటుతున్నా మాట మాత్రం మారలేదు.

(గాజు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గాజు నిజానికి ద్రవమనీ, పాత కిటికీ అద్దాలు అడుగున మందంగా ఉండడానికి అది మెల్లగా కిందికి జారడమే కారణమనీ కొందరు మాస్టార్లు కూడా చెబుతారు. గాజులో అణువులు స్ఫటికంలో లాగా వరుసగా ఉండవన్నది నిజం. కానీ అది ఘనపదార్థమే, జారదు. వెనుకటి రోజుల్లో ఊది, తిప్పి అద్దాలు చేసేవారు కాబట్టి మందం అన్నిచోట్లా ఒకేలా వచ్చేది కాదు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాలకు 15 అంగుళాల కటకం ఉన్న దుర్భిణి ఉండేది. దానితో దశాబ్దాల పాటు నక్షత్రాలను పరిశీలించారు. గాజు జారేదే అయితే కటకం వంపు ఏ కాస్త మారినా నక్షత్రం చుక్కలా కనిపించదు, అలికినట్టు ఉంటుంది.)

మరి గచ్చు మీద నెల రోజులు పెట్టిన బ్యాటరీ నిజంగానే దిగిపోతుంది కదా అంటారు. దిగిపోతుంది. పలక మీద పెట్టినా దిగిపోతుంది, అటక మీద పెట్టినా దిగిపోతుంది. ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నా లోపల రసాయన చర్య కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. ఆ చర్య వేగం ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ దాదాపు రెట్టింపవుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో రేకుల షెడ్డు కింద పెట్టిన బ్యాటరీ ఎంత త్వరగా దిగుతుందో ఊహించుకోండి. ఆ లెక్కన మిట్టవేసవిలో రేకు కింద బల్ల మీద పెట్టేకంటే చల్లటి గచ్చు మీద పెట్టడమే మేలు.

నిజంగా కరెంటు దొంగతనంగా పోయే దారి ఒకటుంది. అది అడుగున కాదు, నెత్తిన. టెర్మినళ్ళ మధ్య పైభాగంలో దుమ్ము, నూనె, ఆమ్లపు చెమ్మ కలిసి జిడ్డు పొర కడతాయి. ఆ పొర కరెంటును కొద్దిగా పోనిస్తుంది. నమ్మకం లేకపోతే మల్టీమీటరు నల్ల తీగను నెగెటివ్ టెర్మినల్‌కి పెట్టి, ఎర్ర తీగను ఆ మురికి పొర మీద ఆనించి చూడండి. ఎంతో కొంత వోల్టేజి చూపిస్తుంది. గోరువెచ్చటి నీళ్ళలో ఒక చెంచా తినే సోడా కలిపి, మూతలు గట్టిగా బిగించి, గుడ్డతో తుడిస్తే సరి. బుస్సున పొంగుతుంది, ఆమ్లం విరిగి కార్బన్ డైఆక్సైడ్ వచ్చిందన్నమాట. సోడా నీళ్ళు చుక్క కూడా లోపలికి పోకూడదు. తుడిచి ఆరాక టెర్మినళ్ళకు కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. కూల్‌డ్రింకు పోస్తే టెర్మినళ్ళు శుభ్రపడతాయని ఒక పద్ధతి ఉంది. అందులోని ఆమ్లాలకు పాచి వదులుతుంది గానీ, చక్కెర జిడ్డు మిగులుతుంది, దానికి చీమలు పడతాయి. ఐదు రూపాయల సోడా ఉండగా కూల్‌డ్రింకు బ్యాటరీకి పొయ్యడమెందుకు, తాగండి.

సైన్సు ఫెయిర్‌కి ఏం చేయాలో తోచనివాళ్ళకు ఇదొక మంచి ప్రాజెక్టు. ఒకే కంపెనీ, ఒకే వయసున్న రెండు బ్యాటరీలను పూర్తిగా ఛార్జి చేసి, ఒకే గదిలో ఒకటి గచ్చు మీద, ఒకటి చెక్క మీద పెట్టండి. వారానికొకసారి అదే వేళకు వోల్టేజి కొలిచి నోటుబుక్కులో రాయండి. ఏం వచ్చిందో మాకు ఉత్తరం రాయండి.

ఇక లోపల ఏముందో చూద్దాం. 12 వోల్టుల బండి బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది కొంచెం అటూ ఇటూగా 2.1 వోల్టులు ఇస్తుంది. పాజిటివ్ ప్లేటు మీద సీసం డైఆక్సైడు, నెగెటివ్ ప్లేటు మీద మెత్తటి సీసం, మధ్యలో నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. బ్యాటరీ పనిచేస్తున్నప్పుడు రెండు ప్లేట్ల మీదా సీసం సల్ఫేటు ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఇదంతా వెనక్కి నడుస్తుంది. హైడ్రోమీటరుతో ఆమ్లం చిక్కదనం చూసి ఛార్జి ఎంత ఉందో చెప్పగలగడానికి కారణం ఇదే.

ఇక్కడ సీసం గురించి ఒక మాట. పెన్సిల్ ములుకు గుచ్చుకుంటే సీసం ఒంట్లోకి పోయి విషమవుతుందని మన చిన్నప్పుడు భయపెట్టేవారు. పెన్సిల్లో సీసం లేదు. అది గ్రాఫైటు, అంటే బొగ్గు జాతి. ఇంగ్లండులో అది మొదట దొరికినప్పుడు సీసం లాంటి ఖనిజమనుకున్నారు, ఆ పేరే అంటుకుపోయింది. అది కార్బనేనని 1779లో షీలే తేల్చాడు. రెండు వందల ఏళ్ళు దాటినా పెన్సిల్ చూసి భయపడుతున్నాం. నిజమైన సీసం కిలోల లెక్కన ఉన్న పాత బ్యాటరీని మాత్రం వసారాలో పిల్లల పక్కనే పడేస్తాం. దాని సంగతి చివర్లో చెబుతాం.

నీళ్ళ దగ్గరికి వద్దాం. మూతలు ఉన్న మామూలు బ్యాటరీలో ద్రవం తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. "బ్యాటరీ వీక్ అయింది, కాస్త ఆసిడ్ కొట్టు" అనడం చాలాసార్లు వింటాం. లోపలి నుంచి పోయేది నీళ్ళు మాత్రమే. ఎండకు కొంత ఆవిరవుతుంది, ఛార్జింగులో కొంత విడిపోయి వాయువులుగా పోతుంది. ఆమ్లం లోపలే ఉంటుంది, ఛార్జి దిగినప్పుడు సల్ఫేటుగా ప్లేట్లకు అంటుకుని ఉంటుంది. మళ్ళీ ఆసిడ్ పోస్తే చిక్కదనం పెరిగి, రెండు రోజులు జోరుగా పనిచేసినట్టు కనిపించి, ప్లేట్లు తినేస్తుంది. బ్యాటరీ వంగి ఒరిగి ద్రవం కారిపోయినప్పుడు మాత్రమే ఆసిడ్ అవసరం, అదీ తెలిసినవాళ్ళ చేత.

కాచి చల్లార్చిన నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ అవుతాయా? కావు. మరిగిస్తే క్రిములు చస్తాయి, లవణాలు చావవు. మన హాస్టల్ వంటగదిలో బోరు నీళ్ళు కాచిన గుండిగ అడుగున తెల్లగా పట్టిన చారను చూడండి, అవన్నీ లవణాలే. నీళ్ళు మరిగేకొద్దీ తరిగి లవణాలు ఇంకా చిక్కబడతాయి. ఆ ఆవిరిని పట్టి చల్లార్చితేనే డిస్టిల్డ్ వాటర్. ఏసీ నుంచి కారే నీళ్ళు ఆవిరి నుంచి వచ్చినవే కదా అని తెలివైన కుర్రాడొకడు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. కానీ అవి రాగి, అల్యూమినియం చువ్వల మీద నుంచి దుమ్మంతా కడుక్కుంటూ వస్తాయి. లోహపు జాడలు బ్యాటరీకి చేటు. లీటరు డిస్టిల్డ్ వాటర్ ధరకీ కొత్త బ్యాటరీ ధరకీ పోలిక లేదు. పోసేటప్పుడు పై గీత దాటనివ్వకండి. వీలైతే ఛార్జి చేశాకే పోయండి, ఛార్జింగులో ద్రవం మట్టం కొంత పైకి వస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోసి ఛార్జికి పెట్టాలి. మెయింటెనెన్స్ ఫ్రీ అని రాసి ఉన్నదాన్ని విప్పకూడదు. నీళ్ళు పోయనక్కర్లేదనే దాని అర్థం, ఛార్జి చూడనక్కర్లేదని కాదు.

డబ్బు ఎక్కువగా తినే అపోహ ఇంకొకటి ఉంది. బ్యాటరీని పూర్తిగా దించేసి అప్పుడు ఛార్జి చేస్తే ఎక్కువకాలం వస్తుందంటారు. ఇది నికెల్ కాడ్మియం సెల్లుల నాటి మాట. వాటికి కొంతవరకు వర్తించేది, పాత కార్డ్‌లెస్ ఫోన్ల నుంచి జనం నోట్లో మిగిలిపోయింది. సీసపు బ్యాటరీకి ఇది విషం. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే మెత్తగా ఉన్న సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుపోతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా అది తిరిగి సీసంగా మారదు. సల్ఫేషన్ అనేది దీన్నే. మన ఊళ్ళలో బ్యాటరీలు ఎక్కువగా చచ్చేది వాడి కాదు, వాడకుండా వదిలేసి.

మన బడుల వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. బండిని ఇంటి దగ్గర పెట్టి అన్నాళ్ళు పనికి ఊరు వెళ్ళేవాళ్ళు నెగెటివ్ వైరు విప్పి వెళ్ళండి. తాళం తీసి ఉన్నా కొన్ని బళ్ళలో అలారం, గడియారం కొద్దికొద్దిగా తాగుతూ ఉంటాయి. వారానికోసారి ఇంట్లోవాళ్ళు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి ఉంచితే చాలనుకుంటాం. నిలబడి తిరిగే ఇంజను వేగంలో ఛార్జింగు అంతంతమాత్రమే. అరగంట రోడ్డు మీద నడిపితే లాభం. ఇంకో లెక్క చూడండి. తాళం చెవి ఆన్‌లో మర్చిపోయి 5 వాట్ల బల్బులు రెండు వెలుగుతున్నాయనుకుందాం. 10 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే సుమారు 0.8 ఆంపియర్లు. బ్యాటరీ 5 ఆంపియర్ అవర్ది. ఆరు గంటల్లో ఖాళీ. రాత్రి మర్చిపోతే తెల్లారేసరికి సెల్ఫ్ కొట్టదు.

పూర్వం ఇది పెద్ద సమస్య కాదు, కిక్ కొట్టి వెళ్ళిపోయేవాళ్ళం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నియమాలు వచ్చాక చాలా బళ్ళలో కార్బురేటర్ పోయి ఇంధనాన్ని చిమ్మే పంపు వచ్చింది. ఆ పంపుకి కరెంటు కావాలి. కొన్ని బళ్ళకి కిక్కరే లేదు. బండి మీద సరుకులు చేర్చి రోజు కూలీ తెచ్చుకునేవాడికి బ్యాటరీ చస్తే ఆ రోజు పొయ్యి మీదికి గిన్నె ఎక్కదు. మాలో ఒకరి బతుకు దీని మీదే కాబట్టి ఇంత పట్టించుకుంటున్నాం.

అందుకే ఒక చిన్న మల్టీమీటరు కొనుక్కోమని అందరికీ చెబుతాం. రాత్రంతా ఆగిన బండికి ఉదయం కొలిస్తే 12.6 వోల్టులు గానీ, ఆ పైన గానీ ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12 అయితే పావే మిగిలింది. ఇప్పుడు స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేసి మళ్ళీ కొలవండి. 13.5కీ 14.8కీ మధ్య ఉంటే బండి సరిగ్గా ఛార్జి చేస్తోంది. 12 దగ్గరే ఉండిపోతే తప్పు బ్యాటరీది కాదు, రెగ్యులేటరుదో కాయిల్‌దో. 15 దాటితే కూడా రెగ్యులేటరుదే, అది బ్యాటరీని ఉడికించేస్తోంది. ఈ రెండో కొలత తీయకుండానే కొత్త బ్యాటరీ అంటగట్టే దుకాణాలు ఉన్నాయి. కొత్తదీ రెండు నెలల్లో పోతుంది, మళ్ళీ కొంటారు. దుకాణం ఉన్న మాలోని ఒకరు ఈ వాక్యం తీసెయ్యమనలేదు.

బయట ఛార్జి పెట్టేటప్పుడు ఆంపియర్ అవర్‌లో పదో వంతు చాలు. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియరు. త్వరగా కావాలని కారు ఛార్జరుకి తగిలిస్తే ప్లేట్లు వంగిపోతాయి. లోపల బుడగలు బాగా వస్తుంటే ఛార్జి బాగా ఎక్కుతోందని మురిసిపోతారు. ఆ బుడగలు నీళ్ళు విడిపోయి వస్తున్న హైడ్రోజన్, ఆక్సిజన్. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

మా తర్వాత రెండేళ్ళకు ఈ హాస్టల్లో చదివిన ఒక తమ్ముడు ఇంటర్ సెలవుల్లో షెడ్డులో చేరాడు. కరెంటు పోయిన ఒక సాయంత్రం, ఛార్జిలో నుంచి అప్పుడే తీసిన బ్యాటరీలో నీళ్ళు ఎంతున్నాయో చూడమంటే అగ్గిపుల్ల గీసి వంగాడు. మూత ఎగిరింది, ఆమ్లం ముఖం మీద చిమ్మింది. చుట్టూ ఉన్నవాళ్ళు కంగారులో ఒకరు టూత్‌పేస్టు, ఒకరు పాలు తెచ్చారు. ఆసిడ్‌కి సోడా విరుగుడు కదా అని ఒకరు సోడా కలుపుతున్నారు. తొట్టెడు నీళ్ళు పక్కనే ఉన్నాయి. కడిగేసరికి చాలా ఆలస్యమైంది. ఇప్పుడు అతనికి కుడికన్ను మసకగానే కనిపిస్తుంది. ఇది రాయమని అతనే చెప్పాడు.

ఆమ్లం కంట్లో గానీ ఒంటి మీద గానీ పడితే చేయాల్సింది ఒక్కటే. వెంటనే ధారగా నీళ్ళు, ఇరవై నిమిషాలకు తగ్గకుండా. కంటి రెప్పలు వేళ్ళతో విప్పి పట్టుకుని పోయాలి. తడిసిన చొక్కా తీసెయ్యాలి. ఆ తర్వాత ఆసుపత్రి. సోడా బ్యాటరీ పైభాగానికి మంచిదే గానీ చర్మానికీ కంటికీ కాదు, ఆమ్లమూ క్షారమూ కలిస్తే వేడి కూడా పుడుతుంది. చిక్కటి ఆసిడ్‌లో నీళ్ళు కలిపే పని మీకు ఎవరు చెప్పినా చేయకండి. నీటిలోకి ఆమ్లాన్నే మెల్లగా పోయాలని లాబులో చెప్పింది గుర్తుంది కదా, తిరగేసి పోస్తే పైన పడ్డ నీరు అక్కడికక్కడే మరిగి ముఖానికి చిమ్ముతుంది. బ్యాటరీ ఆసిడ్ కలిపినదే దొరుకుతుంది.

విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఎందుకంటే బండి ఛాసిస్ అంతా నెగెటివ్‌కి కలిసి ఉంటుంది. నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పబోతే స్పానరు రెండో కొస ఛాసిస్‌కి తగిలి షార్టు అవుతుంది. 12 వోల్టులు షాక్ కొట్టవు, రబ్బరు చెప్పులు వేసుకున్నామా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. కొట్టేది కరెంటు వేడి. స్పానరు క్షణంలో ఎర్రబడి చేతికి అతుక్కుంటుంది. ఉంగరాలు, మొలతాడుకి వేలాడే తాళం చెవులు ముందే తీసెయ్యండి.

పాత బ్యాటరీ సంగతి చెబుతామన్నాం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. అందుకే పాత బ్యాటరీలు పగలగొట్టి, ప్లేట్లు కరిగించి వలలకు గుండ్లు పోసుకునేవాళ్ళు, తుక్కువాళ్ళకు అమ్మేవాళ్ళు ఉన్నారు. కరిగేటప్పుడు వచ్చే పొగ, ఎండిన ప్లేట్ల ధూళి ఊపిరిలోకి పోతాయి, బట్టలకు పట్టి ఇంటికి వస్తాయి. సీసం ఇంతలోపు ఉంటే ఫర్వాలేదనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మింగిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, అది నేరుగా మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇందుకే మన దేశంలో 2000 నాటికి పెట్రోలులో సీసం కలపడం మానిపించారు. పని అయ్యాక బెల్లం ముక్క తింటే సీసం విరిగిపోతుందని షెడ్డుల్లో అంటారు. బెల్లానికి ఆ శక్తి లేదు. తినబోయే ముందు సబ్బుతో చేతులు కడగడం, షెడ్డు బట్టలు విడిగా ఉతకడం, ఇంటి దగ్గర ప్లేట్లు కరిగించకపోవడం, ఇవే ఉపాయాలు. పాత బ్యాటరీని దుకాణానికి తిరిగి ఇవ్వాలని 2001లోనే నియమాలు వచ్చాయి, 2022లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. సీసానికి ధర ఉంది కాబట్టి తిరిగిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు, అడిగి తీసుకోండి.

వార్షికోత్సవం రోజు ఉదయం మేము ముగ్గురం వస్తున్నాం. రెండు మల్టీమీటర్లు, ఒక హైడ్రోమీటరు తెస్తాం. పూర్వ విద్యార్థులు బళ్ళ మీదే వస్తారు కాబట్టి కొలవడానికి బ్యాటరీలకు కొదవ ఉండదు. వార్డెన్ గారి స్కూటరుతో మొదలుపెడదాం, అది రోజూ మూడోసారికి గానీ స్టార్ట్ కావడం లేదట.